కొట్లాడి కట్టిన గోడ

మా సమాధానం మామకు ముందుగా కొట్లాడనిదే ఎవరికీ ఉపకారం చేయడం చేతకాదు. తల్లి ఏ నమ్మకంతో ఆ పేరు పెట్టిందో గానీ, ఆయన ఉన్నచోట శాంతి, సమాధానం అనేవి మచ్చుకైనా ఉండేవి కావు. ఈ మాట నేను కోపంతోనే రాస్తున్నాను. ఆయన వల్ల నేను పడ్డ అవమానం అలాంటిది.

చొప్పదండిలో మా గుడికి, అంటే చర్చికి, చిన్న కూడిక ఒకటి ఉండేది. బుధవారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన, శనివారం ఊళ్లో ఏదో ఒక పని. ఎవరి ఇల్లు కూలినా, ఏ బావి పూడినా, కులమతాలు అడగకుండా వెళ్లి చేసి రావాలి. అది యాభై ఎనిమిదో సంవత్సరం. ఊరూరా శ్రమదానం అనే మాట కొత్తగా మోగుతోంది. బడిపంతులును కదా అని నన్ను కూడికకు కార్యదర్శిని చేశారు. మామ మట్టిగోడల మేస్త్రీ. ఆయన లేకపోతే మేమంతా కలిసినా రాయి మీద రాయి నిలబెట్టలేం. నా బాధంతా అదే.

మొదట వాడకట్టు బావి పూడిక తీయడానికి వెళ్లాం. నేను "అమ్మలారా" అని మొదలుపెట్టానో లేదో, మామ గట్టెక్కి అరిచాడు.

"ఏందే గిది? బాయా, బర్రెల మడుగా? గీ నీళ్లు తాగి మంచాన పడ్తె దవాఖానకు మోసుడు మా మెడకే సుట్టుకుంటది!"

"నిన్నెవడు మొయ్యమన్నడు?" అని నీళ్లకొచ్చిన బాలవ్వ బిందె దించి నడుం మీద చెయ్యి వేసింది.

"మొయ్యకుంట ఇడిసిపెడ్తనా? జరుగు పక్కకు!"

సాయంత్రానికి నీళ్లు తేటపడ్డాయి. మర్నాడు బాలవ్వ బడికొచ్చి అందరి ముందు నన్ను నిలదీసింది. "సారూ, మీ ముసలోని నోటికి జర తాళం ఎయ్యుండ్రి!" బురద మోసింది నేను, మాట పడిందీ నేనే!

తర్వాత ఐలవ్వ ఇంటి కప్పు. ఒంటరి మనిషి. గూనపెంకలు పగిలి, ఇల్లు నాలుగు చోట్ల కారుతోంది. మామ వెళ్లీ వెళ్లగానే, "నీ పెంక గాలికి లేసి నా నెత్తిన పడ్తె ఎవలు జవాబు?" అన్నాడు. ఆయన ఇల్లు ఊరికి అవతలి కొసన ఉంది!

"నా పెంకకు రెక్కలొచ్చినయా?" అంది ఐలవ్వ.

"వచ్చేదాంక ఆగమంటవా?" అంటూ మామ నిచ్చెనెక్కేశాడు. ఆమె కింద నుంచి తిడుతూనే పెంకలందించింది. ఆయన పైనుంచి జవాబు చెబుతూనే కప్పంతా సర్దాడు.

నాకు ఒళ్లు మండింది. ఇదేం సేవ? సాయం చేసేవాడు తిట్టడమేమిటి, పొందేవాళ్లు తిట్టడమేమిటి? నేరుగా అయ్యగారి దగ్గరికెళ్లాను. పాస్టరుగారిని మేం అలాగే పిలుస్తాం. "మామ చేతులు చాలు, ఆ నోరు మాకొద్దు" అన్నాను. ఆయన నవ్వి, "సరే, వచ్చే పనికి నువ్వే మాట్లాడు" అన్నారు.

వచ్చిన పని నజీరుద్దీన్ ఇల్లు. గిన్నెలకు కళాయి పెట్టే మనిషి. ఉన్నవి రెండే చొక్కాలైనా మడత నలగనిచ్చేవాడు కాదు. వానలకు వీధి వైపు గోడ మొత్తం కూలింది. ఆయన భార్య కుబ్రా బీ మూడు రోజులుగా గోనెపట్టా చాటున వండుతోంది. గాలి వీస్తే పట్టా లేస్తోంది. వంట ఆపేసి, రెండు చేతులతో పట్టా పట్టుకుని నిలబడుతోంది.

నేను రాత్రంతా మాటలు కూర్చుకుని వెళ్లాను. "నజీరుద్దీన్ సాబ్, పొరుగువారి కష్టం మా కష్టం. ఈ చిన్న సాయం స్వీకరించండి" అన్నాను. మామ అయ్యగారి మాట దాటలేదు. నోరు మూసుకుని నా వెనక నిలబడ్డాడు.

నజీరుద్దీన్ నా మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు. "మెహర్బానీ సారూ. మేం ఖైరాత్ తీస్కునేటోళ్లం కాదు" అని, గోడ లేని ఇంటికి తలుపు వేసుకున్నాడు.

సోమవారం బడిలో ఉండగా కబురొచ్చింది, నజీరుద్దీన్ ఇంటి ముందు మామ గొడవ పెట్టుకున్నాడని. పరుగెత్తాను.

"నీ రాళ్లు తొవ్వల పడ్డయి. గుడికి పోయేటోళ్ల కాళ్లు ఇరుగుతున్నయి. తీస్తవా, తియ్యవా?"

"నా రాళ్లు, నా ఇష్టం!"

"తొవ్వ నీ బాపుదా?"

"నేనే కట్టుకుంట! నాకు చేతుల్లేవా?"

"గిన్నెలు తోమే చేతులు గోడలు కడ్తయా? ఏదీ, కట్టు, చూస్త!"

నజీరుద్దీన్ పళ్లు కొరుక్కుంటూ మూడు వరుసలు కట్టాడు. మామ వాటిని కాలితో తన్నాడు.

"అరే! నా గోడను తంతవా?"

"గిది గోడనా? తాగినోని నడక లెక్కున్నది. గట్ల కాదు, గిట్ల. మట్టి కలుపు. గింతేనా? నీళ్లు పొయ్యి!"

అలా నాలుగు రోజులు. గోడ లేచిన కొద్దీ గొంతులూ లేచాయి. లోపలినుంచి కుబ్రా బీ, "అజీ, ఆయనకు చాయన్న ఇయ్యుండ్రి" అంటే, "గీనకు ఇయ్య!" అని ఆయన, "ఇచ్చినా తాగ!" అని ఈయన. నాలుగో రోజు సాయంత్రం గోడ నిలబడింది. కుబ్రా బీ గోనెపట్టా తీసి మడత పెట్టుకుంది.

దారిలో మామను పట్టుకున్నాను. "సిగ్గున్నదా మామా? మర్యాదస్తుణ్ణి పట్టుకొని గట్లనా మాట్లాడేది?"

ఆయన నాకన్నా కోపంగా తిరిగాడు. "నువ్వు తియ్యగ మాట్లాడినవ్ గదా. తీస్కున్నడా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన మళ్లీ అందుకున్నాడు.

"మంచిగ ఇస్తె తల దించి తీస్కోవాలె. గాయనకు దించుడు రాదు. నాతోని కొట్లాడితె నాలుగు దినాలు తల ఎత్తుకొనే ఉన్నడు. ఐలవ్వకు గూడ గంతే. పంతులువు, గింత సమజ్ కాదా నీకు?" అని తువ్వాలు దులిపి వెళ్లిపోయాడు.

కోతల పండుగ వచ్చింది. గుడి ఆవరణలో ఊరందరికీ పప్పన్నం. పొయ్యిలు తవ్వుతుంటే నజీరుద్దీన్ రంకెలు వేస్తూ లోపలికొచ్చాడు.

"మీకు బుద్ధున్నదా? గీ బగోనలల్ల వండి ఊరును సంపుతరా? చిలుము చూడుండ్రి, పచ్చగ!"

ఎవరి జవాబూ వినకుండా ఇత్తడి బగోనలన్నీ లాక్కుని తిత్తి పెట్టాడు. ఒక్కొక్కటే కాల్చి, తగరం పూసి, గుడ్డతో తుడుస్తుంటే లోపల మా మొహాలు కనిపించాయి.

కృతజ్ఞతలు చెబుదామని నేను గొంతు సవరించుకున్నాను. మామ నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"ఏం కళాయయ్యా గిది? గీ మూలకు తగలనే లే!" అన్నాడు.

"ఏడ? ఏడ తగల్లే? కండ్లు కనవడ్తలేవా నీకు?"

అన్నం ఉడికేదాకా ఆ కొట్లాట నడిచింది. ఆ తర్వాత నజీరుద్దీన్ తిత్తి మడిచి వెళ్లబోయాడు. అయ్యగారు మామను చూశారు. మామ నన్ను చూశాడు.

నేను జన్మలో ఎవరినీ గద్దించి ఎరగను. విస్తరిలో అన్నం పెట్టుకుని, ఆయన దారికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాను.

"తినకుంట పోతె మంచిగుండది, చెప్తున్న!" అన్నాను. గొంతు కీచుమంది.

నజీరుద్దీన్ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "బెదిరిస్తున్నవా సారూ?"

"ఆ. బెదిరిస్తున్న!"

"అయితే పప్పు జర ఎక్కువ ఎయ్యి" అని అక్కడే కూర్చున్నాడు.