లాస్ట్ ఫొటో

పలాస నుంచి వచ్చే ప్యాసింజరులో నా ఎదుటి సీటు ఖాళీగా ఉంది. చీపురుపల్లిలో ఒకామె ఖాళీ అయిన ఎండుచేపల గంపతో ఎక్కి అక్కడ కూర్చుంది. కాసేపు ఫోన్‌లోకే చూస్తూ ఉండి, ఉన్నట్టుండి దాన్ని నా వైపు తిప్పింది. అందులో బోటు అంచున నిలబడి నవ్వుతున్న ఓ మనిషి.

"మా ఆయన లాస్ట్ ఫొటో బాబూ ఇది."

నా మనసు కలుక్కుమంది. గొంతు తగ్గించి, "ఎప్పుడు పోయారమ్మా?" అన్నాను.

"సోమారం పొద్దున్నే, సేపలేటకి."

అంటూనే నా మొహం చూసింది. నేనడిగింది ఏ పోవడమో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"సీ సీ, అదేటి మాట బాబూ! బోటెక్కినప్పుడు పంపినాడు. సంద్రంల సిగ్నలుండదు గదా, మరింకోటి రానేదు. అందుకే లాస్టన్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమే అడిగింది. "మరేటనాల?"

"లేటెస్ట్ అనండమ్మా. లాస్టంటే ఆఖరిది అని కూడా అనుకుంటారు."

విజయనగరం దాకా ఆమె పెదవులు ఆ మాట చుట్టూనే కదులుతూ ఉన్నాయి. దిగబోయే ముందు కొంగుతో ఫోన్ తుడిచి, అందులోని మనిషికే చెబుతున్నట్టు, "లేటెస్టు" అంది.

ఆయన తిరిగొచ్చాడో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరైనా "ఇదే నీ లాస్ట్ ఫొటో" అంటే మాత్రం, వెంటనే ఇంకొకటి తీయమంటాను.