వాగు హద్దురాయికి పసుపు

ఎన్నడూ ఇక్కడ ఏమీ రాయని నేను ఈ రోజు ఊరుకోలేక రాస్తున్నాను. మా వీధి వెనక వాగుకు అధికారులు పాతిన హద్దురాయిని పక్క ప్లాటాయన పొద్దున జేసీబీతో పీకించబోయాడు. అది పోతే వాగు పూడ్చి గోడ కడతాడు. వానాకాలం నీళ్లు మా ఇళ్లలోకే వస్తాయి.

పూజ పళ్లెంతో వెళ్లి రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పక్కనే కూర్చున్నాను. జేసీబీ డ్రైవర్ దిగి, చెప్పులు విప్పి దండం పెట్టాడు.

"ఏందక్కా, గిదేమన్న దేవుడా?" అని ప్లాటాయన కసిరాడు.

"దేవుడని నేను జెప్పిన్నా అన్నా? గది సర్కారు రాయే. నేనైతే ఈడికెల్లి లేవ," అని మెల్లగానే అన్నాను.

డ్రైవర్ బండి వెనక్కి తిప్పేశాడు. ప్లాటాయన రేపు మళ్లీ వస్తానన్నాడు. రానీ.

పసుపు అలా వాడటం తప్పంటారా? తప్పయితే దేవుడికి నేనే చెప్పుకుంటాను. రాయిని మాత్రం కదలనివ్వను.