పెద్ద దేశం మీద అరచేయి

సివిక్స్ సార్ పోయారని మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "సరేనమ్మా" అన్నాను.

ఆబిడ్స్‌లో ఒక సందులో నాది పెన్నుల దుకాణం. బడి చదువు నాకు పెద్దగా లేదు. సార్ రిటైరయ్యాక రోజూ నాంపల్లి నుంచి నడిచి వచ్చి, నా కౌంటర్ మీద పేపరూ, పాత అట్లాసూ పరిచేవారు. పెద్ద దేశాన్ని నమ్ముకున్న చిన్న దేశం గురించి వార్త వస్తే, అట్లాసులో పెద్దదాన్ని అరచేత్తో మూసేవారు.

"ఇప్పుడు చూడు. గా చిన్నదానికి ఇంకెవరున్నరు? పక్కోళ్లతోనన్న మాటలున్నయా?"

"పెద్ద దేశం ఫౌజు గాడనే ఉంది కద సార్. ఫికర్ ఏంది?"

"ఉంది. ఉండాల్నా పోవాల్నా చెప్పేదెవరు?"

ఆయన చెప్పినవన్నీ నిజం కాలేదు. ఒకసారి పెద్ద దేశం మాట తప్పదని గట్టిగా వాదించారు. అది తప్పింది. మర్నాడు వస్తూనే "నేను తప్పు చెప్పిన" అన్నారు.

బిల్డింగు ఓనర్ మా ఏడు దుకాణాలను ఖాళీ చేయమని కేసు వేసినప్పుడు, వాటిలో పెద్దదైన బట్టల షోరూం సేటు అందరికీ తానే వకీలును పెడతానన్నాడు. మేం ఆరుగురు చిన్నవాళ్లం ఊపిరి పీల్చుకున్నాం. సార్ పేపరు మడిచారు.

"సేటు మంచోడే. రాజీ పడేనాడు మిమ్మల్ని అడుగుతడా?"

"ఇన్నేండ్ల దోస్తీ సార్."

"దోస్తీ ఉండనీ. మీ ఆరుగురు కలిసి మీ వకీలును మీరు పెట్టుకోండ్రి."

సేటు నొచ్చుకుంటాడని అందరూ జంకారు. సార్ ఒక్కో దుకాణానికీ తిరిగారు. చెప్పుల దుకాణం ఆయన నవ్వాడు. "మా దుకాణం ఏ దేశం కిందికొస్తది సార్?"

"ఎవ్వరి కిందికి రావద్దనే తిరుగుతున్న. సంతకం పెట్టు."

చివరికి ఆరుగురం సంతకాలు పెట్టి మా వకీలును పెట్టుకున్నాం. ఏడాది తిరగకముందే సేటు ఓనర్‌తో విడిగా రాజీ పడి, తన షోరూం ఒక్కటి నిలబెట్టుకున్నాడు. ఆయన వకీలు మళ్లీ మా ముఖం చూడలేదు. మా కేసు మా వకీలుతో నాంపల్లి కోర్టులో నడుస్తూనే ఉంది. దుకాణాలు ఉన్నాయి. ఈ సంగతి చెబితే సార్ సంతోషపడలేదు. "సేటును తిట్టకుండ్రి. నమస్తే బంద్ చెయ్యకుండ్రి" అన్నారు.

మా సందులో ఎవరు పోయినా ముందు షోరూం షట్టర్ దిగాలి, తర్వాతే మావి. ఎవరూ పెట్టని రివాజు అది. మంగళవారం షోరూంలో పెళ్లి బట్టల బేరం నడుస్తోంది. చెప్పుల దుకాణం ఆయన నా వైపు చూసి తన షట్టర్ లాగాడు. తర్వాత నేను. ఒకదాని వెంట ఒకటి ఆరూ దిగాయి. సేటు బయటికి వచ్చి మెట్ల మీద చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత షోరూంలో లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి.