ఎనభై నాలుగు నంబర్ గురించి ప్రభుదాస్ అంకుల్‌కి చెప్పాల్సిన మాట

నిన్న పొద్దున పనిలో ఉండగా ఫోన్ మోగింది. స్క్రీన్ మీద "ప్రభుదాస్ అంకుల్" అని చూడగానే నాకు ముందు కలిగింది గర్వం.

ఎనిమిది రోజుల తర్వాత ఆయనే తగ్గి చేశారనుకున్నాను. బెట్టుగా నాలుగు రింగులు పోనిచ్చి ఎత్తాను.

మాట్లాడింది ఆయన కూతురు షారన్.

"అన్నా, డాడ్ ఈజ్ గాన్" అంది.

డ్యూటీకి తయారవుతూ పడిపోయారట. గుండె. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయిందట.

నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. అంకుల్‌ది నరసాపురం. ఇక్కడ విన్నిపెగ్‌లో ఒక కేర్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే పని. నేను కరీంనగర్ నుంచి స్టూడెంట్‌గా వచ్చి అదే కేర్ హోమ్ కిచెన్‌లో పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి.

మొదటి ఏడాది మే నెలలో ఒకరోజు, "శనివారం ఖాళీయేనా? ఫుట్‌బాల్ ట్రైనింగ్ క్యాంప్‌కి వెళ్దాం రా" అన్నారు.

"సీజనే షురూ కాలేదు కద అంకుల్, ప్రాక్టీస్ చూసుడేంది?"

"మ్యాచ్ అందరూ చూస్తారు బాబూ. ఎవరుంటారో ఎవరు పోతారో తేలేది ఇక్కడే."

ఇక్కడి ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతిని చేత్తో విసిరి పట్టుకునే ఆట. క్యాంప్‌కి చాలామంది కొత్తవాళ్ళు వస్తారు. మూడు వారాల్లో సగం మందికి పైగా ఇంటికే.

అంకుల్ స్టార్ ప్లేయర్ల వైపు చూసేవారు కాదు. బెంచీ మీద ఫ్లాస్కులో టీ, ఒళ్ళో లాంగ్ నోట్‌బుక్. ఒక్కో కొత్తవాడికి ఒక్కో పేజీ, అంతా తెలుగులో. ప్రతి ఏడాదీ వాళ్ళలో ఒకణ్ణి "నా మనిషి" అని ఎంచుకునేవారు.

ఒకసారి చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పమంటే లేచి, "ఒకబ్బాయి మోకాలు బాగవ్వాలండి" అన్నారు. పాస్టర్ గారు పేరడిగారు. "పేరు తెలీదండి, నంబర్ డెబ్బై మూడు" అన్నారు. అంతా నవ్వారు. ఆయన మాత్రం సీరియస్‌గానే కళ్ళు మూసుకున్నారు.

ఇక్కడే ఉండిపోవడానికి కావాల్సిన పీఆర్ నాకు రాని రెండేళ్ళూ, ప్రార్థనలో ఆ ఏడాది "నా మనిషి" నంబర్ తర్వాత నా పేరు చెప్పేవారు. ఉంచుతారో పంపేస్తారో తెలియకుండా రోజూ లేవడం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

అలాంటి మనిషిని నేను ఏమన్నానో చెప్పాలి.

పోయిన శనివారానికి ముందు శనివారం అంకుల్‌కి డ్యూటీ పడి, క్యాంప్‌కి నేనొక్కణ్ణే వెళ్ళాను. విసిరిన బంతిని పట్టుకునే రిసీవర్లలో ఎనభై నాలుగు నంబర్ వేసుకున్న కుర్రాడు వచ్చిన ప్రతి బంతీ వదిలేశాడు. "84 పని అయిపోయింది, రాసి పెట్టుకోండి" అని ఫోన్‌లో మన టీమ్ ఫ్యాన్స్ చాట్ గ్రూపులో పెట్టాను.

ఆ తర్వాతి మంగళవారం అంకుల్ ఒక్కరే వెళ్ళారు. "84 చేతులు బంగారం. ఈ ఏడాది నా మనిషి ఇతనే" అని పెట్టారు.

నేను ఊరుకోవచ్చు కదా. "అంకుల్, కళ్ళజోడు మార్చండి. కింద పడ్డ బంతి కూడా మీకు క్యాచ్ లాగా కనిపిస్తోంది" అన్నాను.

అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు.

"నేను చూసిందే రాశాను బాబూ" అన్నారు ఆయన.

నవ్వులు చూసి నాకు ఇంకా ఊపొచ్చింది. "చూపు ఆనని వయసులో మనకెందుకు అంకుల్ ఈ స్కౌటింగ్" అన్నాను.

ఆయన గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

పోయిన గురువారం టీమ్ వాళ్ళ లిస్టు చూస్తే తెలిసింది. నేను చూసిన 84ని ఆదివారమే పంపేశారు. సోమవారం వచ్చిన కొత్తవాడికి అదే నంబర్ ఇచ్చారు. ప్రాక్టీస్ జెర్సీ మీద పేర్లుండవు కదా. మేమిద్దరం చూసింది ఇద్దరు వేరు వేరు మనుషుల్ని.

"ముందు లిస్టు చూడు, తర్వాత నోరు తెరువు" అని ఆ అలవాటు నాకు నేర్పిందే ఆయన.

అప్పుడే ఫోన్ చేయాల్సింది. చేయలేదు. ఈ శుక్రవారం ప్రీసీజన్ మ్యాచ్ ఉంది, ప్రతి ఏడాదీ గేట్ దగ్గర కలుసుకుని లోపలికి వెళ్తాం, ఎదురుగానే సారీ చెప్తే బాగుంటుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే నామోషీ. గ్రూపులో అందరి ముందు అన్న మాటకి అందరి ముందే సారీ చెప్పాల్సి వస్తుందని.

ఆ ఒక్క ఫోన్ చేయనందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నిన్న సాయంత్రం ఇంటికి వెళ్తే షారన్ ఆ నోట్‌బుక్ తెచ్చి ఇచ్చింది. "కెన్ యూ రీడ్ దిస్, అన్నా? డాడ్ తెలుగు రైటింగ్ నాకు రాదు" అంది. ఇక్కడే పెరిగిన పిల్ల.

ఆఖరి పేజీ తీశాను. అంకుల్ గుండ్రటి అక్షరాలు.

"84. పాతవాణ్ణి ఆదివారం పంపేశారు. ఇతను సోమవారం వచ్చాడు. మహేష్ చూసింది పాతవాణ్ణి. వాడు చెప్పిందీ నిజమే. నేనే తొందరపడి గ్రూపులోంచి వచ్చేశాను. శుక్రవారం గేట్ దగ్గర చెప్పాలి."

షారన్‌కి ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టాను. నా పేరు దగ్గరికి వచ్చాక ఆపి, మళ్ళీ మొదటి లైన్ నుంచి మొదలుపెట్టాను.

ఆయనకీ తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం శుక్రవారం కోసం ఆగాం.

శుక్రవారం రేపే.

సారీ అంకుల్. అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే చెప్తున్నాను. మీ కళ్ళు సరిగ్గానే చూశాయి.

రేపు గేట్ దగ్గరికి వస్తాను. మీ నోట్‌బుక్ షారన్ నాకిచ్చింది. 84 ఎలా ఆడాడో మీ పేజీ కిందే రాస్తాను.

వెళ్ళి రండి అంకుల్. ఇక ఏ లిస్టూ చూసుకోనక్కర్లేదు మీరు. ప్రభువు దగ్గర నిమ్మళంగా కూర్చోండి.