పిన్ని నిమ్మకాయ, బాబాయి హ్యాండ్‌బ్రేకు

మొన్న ఆదివారం, హ్యాండ్‌బ్రేకు మళ్ళీ వదులైందని బాబాయి కబురు పెడితే మెట్టకూరులో వాళ్ళింటికి వెళ్ళి ఆ పాత కారులో పానా పట్టుకుని కూర్చున్నాను. చేతులు పనిలో ఉంటే నా బుర్ర ఊరికే ఉండదు. ఆ బ్రేకు వల్ల ఇన్నేళ్ళలో పోయినవన్నీ కూడడం మొదలెట్టింది. పక్కింటి గోడలో ఇటుకలు ఏడు. కారు వెనక లైటు ఒకటి. గెల వేసిన అరటిచెట్టు ఒకటి. గెల మాత్రం దక్కింది, కూర వండుకున్నాం. చేపలకొచ్చిన ఒకాయన సైకిలు మడ్‌గార్డు ఒకటి. ఇవి కాక, మురిక్కాలవల్లోకి దొర్లిపోయిన నిమ్మకాయలు. వాటికి నా దగ్గర కూడా లెక్క లేదు.

నిమ్మకాయల సంగతి చెప్పాలి. కొత్త బండికి పూజ చేసి చక్రం కింద నిమ్మకాయ తొక్కించడం అందరూ చేసేదే. మా పిన్ని దాన్ని నిత్యపూజ చేసింది. మా యానాం చూడ్డానికి పళ్ళెంలా ఉంటుంది గానీ, ఏ రోడ్డు ఎటు వాలిందో కంటికి తెలియదు. బాబాయి కొన్ననాటికే ఆ కారు పాతది. హ్యాండ్‌బ్రేకు చంకదాకా లాగినా అది తన దారిన తను నెమ్మదిగా పోయేది. అందుకని బాబాయి కాలిబ్రేకు తొక్కిపట్టి కూర్చుంటే, పిన్ని దిగి రోడ్డుమీద నిమ్మకాయ పెట్టి చూసేది. అది ఎటు దొర్లితే చక్రానికి అటువైపు, సంచిలోంచి తాటిదుంగ ముక్క తీసి అడ్డం పెట్టేది. "ఇంక దిగండి" అని ఆవిడ అనేదాకా బాబాయి కాలు కదిపేవారు కాదు. దొరికిన నిమ్మకాయని కొంగుతో తుడిచి ఇంటికి తెచ్చి పులిహోరలో పిండేది. ఆ పులిహోర నేనూ తిన్నాను, వాలు ఏమీ తెలియలేదు.

చాలా ఏళ్ళ కిందట ఒకరోజు పిన్నికి జ్వరమని బాబాయి ఒక్కరే గోదావరి ఒడ్డుకి చేపల కోసం వెళ్ళారు. రేవులోకి దిగే వాలులో కారు ఆపి, ఆయన బేరమాడుతుంటే అది జారి, ఆ సైకిలు మడ్‌గార్డుని నలిపి ఆగింది. సైకిలు లేకపోతే తిన్నగా గోదాట్లోకే. ఇంటికి రాగానే నన్ను పిలిపించారు. "లెక్కలు ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నావు కదే, దీని లెక్క కూడా తేల్చు" అన్నారు. అప్పట్లో నేను రొయ్యల మేత కొట్టులో పద్దులు రాసేదాన్ని. కారుతో పాటు వచ్చిన పుస్తకం రెండుసార్లు చదివితే నాకదీ పద్దులాగే కనిపించింది. బ్రేకు లాగితే ఐదారు టక్కులకి పట్టాలి. దీనికి పదకొండు వినిపించినా పట్టడం లేదు. అంటే కేబులు సాగింది.

పిన్నికి జ్వరం తగ్గాక ఒకరోజు పొద్దున్నే, ముందు చక్రాలకి అడ్డం పెట్టి, వెనక చక్రాలు జాకీ మీద లేపి, బ్రేకు లివరు కింద ఉన్న నట్టుని బిగించడం మొదలెట్టాను. పిన్ని టీ పట్టుకొచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"ఏమే, అంతా బిగించేస్తావా?"

"సరిపడా బిగిస్తాను పిన్నీ."

"ఓ అర చుట్టు వదిలెయ్యకూడదూ?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ముప్పయ్యేళ్ళు స్కూటరు మీద ఒక్కరే తిరిగారే మీ బాబాయి. ఈ బ్రేకు పుణ్యమా అని అడవిపొలం ఊరు చూశాను, గోదారి బ్రిడ్జి మీద గాలి పీల్చాను. ఇది బాగైపోతే ఇంక నాతో పనేటి ఆయనకి? నిమ్మకాయలు ఇంట్లో కూర్చుని కోసుకోడవే."

పానా ఆగిపోయింది. అర చుట్టు ఎంతో కాదు. కానీ గోదావరి అర చుట్టుని ఒప్పుకోదు. బిగించాను. చేత్తో తిప్పితే చక్రం కదల్లేదు, ఎక్కువైంది. కాస్త వదులు చేస్తుంటే పిన్ని మొహం వెలిగింది. చక్రం హాయిగా తిరిగింది, లివరు లాగితే ఐదో టక్కుకి కదలకుండా పట్టింది. పిన్ని ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ముగ్గురం అదే రేవుకి వెళ్ళాం. బాబాయి వాలులో ఆపి లివరు లాగారు. కాలు తీశారు. కారు రాయిలా నిలబడింది. పిన్ని ఒళ్ళో సంచి పట్టుకుని అద్దంలోంచి నీళ్ళకేసి చూస్తోంది. బాబాయి కూడా దిగలేదు.

"ఏమే, దిగవేం? నిమ్మకాయ తేలేదా?"

"బాగైపోయిందిగా అండీ."

"పొద్దున్న బిగించిన తీగని నమ్ముకుని దిగమంటావా? నన్నే ఇన్నేళ్ళు ఆపినదానివి, కారొక లెక్కా నీకు?"

పిన్ని దిగిన ఊపు చూడాలి. నిమ్మకాయ పెట్టింది, దుంగ వేసింది, లేచి చీర దులుపుకుంది. "ఇంక దిగండి. జ్వరమని నన్నొదిలేసి వచ్చారే, ఆ ట్రిప్పు ఒకటి నాకు బాకీ."

తర్వాత బాబాయి ఎన్నిసార్లు తిప్పారో. తిప్పినప్పుడల్లా "ఇదిగో, తీరిపోయింది" అంటారు. "ఇది ఇవాళ్టిది. ఆ రోజుది అలాగే ఉంది" అంటుంది పిన్ని. మొన్నా బిగించడం అయ్యాక ముగ్గురం రేవుకి వెళ్ళాం, అదే మాట అంది. కాలం ఎంత గట్టి కేబులునైనా సాగదీస్తుంది, నేను వెళ్ళి బిగిస్తూనే ఉంటాను. బాబాయి బాకీ మాత్రం ఇన్నేళ్ళలో పెరగలేదు, తరగలేదు. ఈనాటికీ ఒక్క ట్రిప్పే.