సచ్చినోనికి వన్స్ మోర్

మొన్న హన్మకొండల నేను సచ్చిపోయిన. నవ్వకుండ్రి! నిజంగనే పోయిననుకొని నాడి పట్టి సూశిండ్రు, మోసుకపోను బండి సుత మాట్లాడిండ్రు. చాయ్ చల్లారకముందే మొత్తం చెప్త, ఇనుండ్రి.

బట్టల సావుకారి వీరేశం కొత్త దుకాణం తెరిచిండు గదా. ఆ సంబురానికి దుకాణం ముంగట మా కంపెనీ డ్రామా పెట్టిచ్చిండు. పైసల ముచ్చట తీస్తె, "ఇస్త తియ్యి సాంబయ్యా, నేనేడికన్న పారిపోతాన్నా?" అన్నడు. పెద్దమనిషి గదా అని నమ్మిన. పెద్దమనిషి! షామియానా ఏసినోనికి పైసలిచ్చిండు, బూందీ చేసినోనికి ఇచ్చిండు, పూలదండలు తెచ్చినోనికి, కుర్సీలు మోసినోనికి సుత ఇచ్చిండు. మమ్ముల సూస్తె మాత్రం ఆయనకు సరస్వతీదేవి యాదికొస్తది. "మీది కళ గదనయ్యా, కళకు ఖరీదు కడ్తె పాపం" అంటడు. మరి బట్టకు మూర మూరకు ఖరీదు కడ్తివి, ఆ పాపం ఎవనికి తగుల్తది?

మా అయ్య హసన్‌పర్తిల చీరలు నేశేటోడు. ఎవడన్న వచ్చి, "ఆహా, ఏం అంచు నేశినవయ్యా!" అని సప్పట్లు కొట్టి, చీర సంకల పెట్టుకొని పోతె ఊకునేటోడా? మగ్గం నాడె తీస్కొని నెత్తి పలగ్గొట్టేటోడు. నేను సుత ఊకెనే రాజు వేషం కట్టేటోణ్ణైతినా? ఏండ్లకేండ్లు తెల్లారగట్ల చెర్వు కట్ట మీద నిలబడి గొంతు సాధకం చేశ్న. కుక్కలు ఎంటబడ్డయి, పాలోళ్లు తిట్టిండ్రు. అప్పుడు ఏ సావుకారి వచ్చి "ఇది కళ" అనలే.

ఆ దినం నాకు పైసలు తప్పనిసరి. ఇంట్ల గింజ లేదు. జర్మనోళ్ల లడాయి పుణ్యమాని బజార్ల బియ్యానికి రెక్కలొచ్చినయి. మా ఆమె లచ్చవ్వ తెల్లారంగనే చెప్పింది: "పైసలు తెస్తెనే పొయ్యి ముట్టిచ్చుడు. పోరగాండ్లు నిన్న సుత అంబలే తాగిండ్రు."

లడాయితోనే గ్యాసునూనె సుత బందాయె. దీపాలకు నూనె లేదని డ్రామా మిట్టమధ్యాహ్నం పెట్టిండ్రు. ఎండ నెత్తి మాడుస్తాంది. మొగానికి పూసుకున్న అర్దళం రంగు చెమటకు కారి గడ్డంల పడ్తాంది. నాది రాజు వేషం. లడాయిల బాణం తగిలి, పెద్ద పద్యం పాడి, దమ్మున్నంత సేపు రాగం తీసి సావాలె. పాడిన. సచ్చిన. జనం ఒకటే సప్పట్లు!

ముంగటి కుర్సీల కూసున్న వీరేశం లేచి, "వన్స్ మోర్!" అన్నడు.

మీకు ఎరికేనాయె, మా లైన్ల వన్స్ మోర్ అంటె సచ్చినోడు సుత లేవాలె. అది ఇజ్జత్ సవాల్. లేచిన. బాణం మళ్ల గుచ్చుకున్న, మళ్ల పాడిన, మళ్ల సచ్చిన. "వన్స్ మోర్!" అన్నడు మళ్ల. ముఫ్తుల వస్తె ఆయనదేం పోయింది? గజం బట్ట కొన్నోడు "వన్స్ మోర్" అంటె ఇంకో గజం చింపిస్తడా?

లేవబోతాన, రాణి వచ్చి నా మీద పడ్డది. రాణి అంటె మా బామ్మర్ది రాజలింగం, మీసాలు గీకి చీర కట్టిండు. ఏడ్సినట్టు చేస్కుంట చెవుల చెప్పిండు: "బావా, ఇప్పుడే తెలిసింది. పైసలు ఇయ్యడట. నీకొక శాలువ, మాకు తలా ఒక కొబ్బరికాయనట."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పోయి చెప్పు ఆయనకు. పైసలిస్తెనే లేస్త" అన్న, పెదిమలు కదపకుంట.

"జర లేవు బావా, ఇజ్జత్ పోతది."

"సచ్చినోనికి ఇజ్జత్ ఏంది?"

మెల్లగ పోయి సావుకారికి చెప్తె సరిపోతుండె. ఆ తిక్కల రాజలింగం గాబరపడి జనం దిక్కు తిరిగి, "లేస్తలేడు! మా బావ లేస్తలేడు!" అని మగగొంతుతోటి మొత్తుకున్నడు. "వడదెబ్బ!" అని ఒకడు. "పోయిండు పాపం" అని ఇంకొకడు. వీరేశం ఉరికొచ్చిండు. నా కొరకు అనుకున్నరా? "అయ్యో, కొత్త దుకాణం ముంగట పీనుగ! జల్ది తియ్యుండ్రయ్యా!" అని లబలబలాడుతాండు.

బండాయన వచ్చిండు. "పీనుగను ఎక్కిస్తె బండి కడుక్కోవాలె. కిరాయి ముందుగాలనే" అన్నడు. వీరేశం అడిగినంత ఇచ్చిండు! డాక్టర్ సాబ్ వచ్చిండు. "ఫీజు?" అన్నడు. ఇచ్చిండు! నేను కండ్లు మూసుకొని ఆ పైసల సంచి గలగల ఇంటాన. గొంతు పోయేదాక పాడినోనికి లేని పైసలు పీనుగ సుట్టు తిరుగుతానయి! గంతలోనే నా ముక్కు మీద ఈగ వాలింది. దాని చుట్టాలు సుత వచ్చినయి. కదల్లే. పట్టుదల అంటె పట్టుదలే.

డాక్టర్ సాబ్ నాడి పట్టుకొని, "మంచిగనే కొట్టుకుంటాంది. ఒక సూదిమందు ఇస్త" అన్నడు. ఒక కన్ను తెరిచి సూశ్న. అది సూది కాదు, గోనెసంచులు కుట్టే దబ్బడం! "వద్దు సాబ్!" అని ఎగిరి నిలబడ్డ.

షామియానా లేచిపోయేటట్టు సప్పట్లు! ఇదంత డ్రామాలనే ఉన్నదనుకున్నరు జనం. వీరేశానికి పోయిన పానం తిరిగొచ్చింది. "ఎంతనో చెప్పు సాంబయ్యా, ఇప్పుడే ఇస్త" అని సంచిల చెయ్యి సుత పెట్టిండు. ఒట్టు, నా కండ్లతోటి సూశ్న. నేను నోరు తెరిచి ఇంత అని చెప్తె అయిపోతుండె. గప్పుడే ఎనుక నుంచి జనం, "వన్స్ మోర్! వన్స్ మోర్!"

నోరు తెరిచిన. రాగం తీశ్న.

ఏం చేయాలె చెప్పుండ్రి, ఆగలే! పద్యం పాడి, సచ్చి పండుకొని, ఒక కంట సూస్తె సావుకారి సంచి మూతి ముడేస్తాండు.

శాలువ కప్పుకొని ఇంటికి పోయిన. ఎండకాలంల శాలువ! లచ్చవ్వ నన్ను కిందికి మీదికి సూశింది. జరిగిందంత చెప్పిన. శాలువ గుంజుకొని సక్కగ వీరేశం దుకాణానికి నడిచింది, ఆమె ఎనుక నేను. గల్లపెట్టె ముంగట శాలువ పరిచి, దాని మీద కూసొని, కొప్పు ఇప్పింది.

"సేటూ, నా మొగడు నీ గడపల ఎన్నిమాట్ల సచ్చిండో లెక్క లేదు. ఏడ్సుడు మాత్రం బాకీ ఉన్నది. ఇగ మొదలు పెడ్తాన" అన్నది.

ఇంకా మొదలు సుత పెట్టలే! చీరలు బేరం చేస్తున్న ఆడోళ్లు "అపశకునం తల్లీ" అనుకుంట గడప దిగుతాండ్రు. వీరేశం జల్ది సంచి విప్పి, మా కంపెనీ అందరి పైసలు ఆమె ఒళ్లె పోశిండు.

మాపటీలి పొయ్యి ముట్టింది. పోరగాండ్లు కడుపు నిండ తిన్నరు. రాజలింగం మా కంపెనీ అందర్ని ఎంటేసుకొని వచ్చి, "అక్కా, ఇగ రాణి వేషం నువ్వే కట్టాలె" అని బతిమిలాడిండు. లచ్చవ్వ కూర కలుపుకుంటనే అన్నది, "ఎంతిస్తరు? ముందుగాల ఈడ పెట్టుండ్రి."

"మరి నేను?" అన్న.

"సచ్చే సీన్లన్ని నీవే" అన్నది. "ముఫ్తుల సచ్చేటోడు ఇంకెవడు దొరుకుతడు?"