గుర్రం చెవులు

నా చిన్నతనంలో మేం విదేశంలో, హామిల్టన్ ఊరి చివర ఉండేవాళ్ళం. మా కంచె దాటితే పక్కింటి కివీ అంకుల్ పచ్చిక బయలు, అందులో ఒక ముసలి గుర్రం. అన్నయ్య రోజూ బడి నుంచి రాగానే దానికి క్యారెట్లు పెట్టేవాడు. అందరూ వాణ్ణి మెచ్చుకోవడం నాకు గిట్టేది కాదు. ఒకరోజు ఎవరూ చూడకుండా గుర్రాన్ని మట్టిగడ్డలతో కొట్టాను. అది బెదిరి పరుగెత్తి, కంచె తీగ గీసుకుని కాలు కోసుకుంది. నాన్న అడిగితే అన్నయ్య పేరు చెప్పాను. అంకుల్ వాణ్ణి ఇక అటు రావద్దన్నాడు. అన్నయ్య నాతో మాట్లాడడం మానేశాడు.

గుంటూరు నుంచి వచ్చి అప్పుడు మా తాతయ్య మాతో ఉంటున్నాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ జట్కా తోలిన మనిషి. ఆ ఆదివారం ముగ్గురం టీవీలో పాత కౌబాయ్ సినిమా చూశాం. పగబట్టిన అన్నదమ్ముల కథ. తండ్రిని చంపాడని అన్న కోసం ఊరంతా వెతుకుతోంది. తమ్ముడు ఆ ఊరి పోలీసు. తాతయ్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా సగం సినిమాలోనే అన్నాడు.

"పెద్దోడు మంచోడేరా. చిన్నోడే ఏదో చేశాడు."

"చిన్నోడు పోలీస్, తాతయ్యా," అన్నాను.

"ఏమో. వాడు దగ్గరికొస్తే గుర్రం బెదిరి చెవులు వెనక్కి పెడతంది. పెద్దోడొస్తే తల వంచుద్ది."

చివరికి తండ్రిని చంపింది తమ్ముడేనని తేలింది. నేను తాతయ్య పక్కనుంచి కాస్త దూరం జరిగాను. సినిమాలో గుర్రానికి కథ తెలియదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు మాత్రం తాతయ్య చూపు మనిషి లోపలికి దిగుతుందని నమ్మాను.

తర్వాత ఆయన మమ్మల్ని కంచె దగ్గరికి తీసుకెళ్ళాడు. గుర్రం కుంటుకుంటూ వచ్చి అన్నయ్య భుజం మీద మూతి ఆనించింది. నేను చెయ్యి చాపగానే చెవులు వెనక్కి వాల్చి దూరం జరిగింది. తాతయ్య నావైపు చూడలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని దూరంగా కొండల్ని చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు అంతా ముందే తెలుసో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

"నేనే కొట్టాను తాతయ్యా," అన్నాను.

"నాకెందుకురా చెప్తావ్. చెప్పాల్సినోళ్ళకి చెప్పు."

అన్నయ్యకు చెప్పాను. వాడు తల దించుకుని, "నాకు తెలుసు," అన్నాడు. అంతే.

అంకుల్ ఇంటివైపు ఒక్కణ్ణే నడిచాను. సగం దారిలో వెనక అడుగుల చప్పుడు వినిపించింది. అన్నయ్య వచ్చి నా పక్కన నడిచాడు. తలుపు తెరుచుకున్నాక, నేను తడబడుతూ అంతా చెప్పి ముగించేదాకా వాడు కదలకుండా నిలబడ్డాడు. అంకుల్, రేపటి నుంచి ఇద్దరూ వచ్చి దాని కాలికి కట్టు మార్చమన్నాడు.

నాకిప్పుడు అరవై దాటాయి. తప్పు ఒప్పుకోవాల్సి వస్తే ఇప్పటికీ వెనకాడతాను. నేను అన్యాయం చేసిన మనిషే ఆ రోజు నా పక్కన నిలబడ్డాడని గుర్తు చేసుకుని, వెళ్ళి తలుపు తడతాను.